కార్డు మీద సుధ

ఐదేళ్లుగా రోజూ దాటిన గేటు దగ్గర వాచ్‌మన్ సుధను ఆపాడు.

"గుర్తు పట్టలేదా అన్నా? కఫ్‌ల లైను సుధను."

"పట్టిన. గని నువ్విప్పుడు బయటిదానివి గదా. పేరు రాయి."

మానేసి రెండు నెలలు దాటింది. పేరు రాసి లోపలికి వెళ్లింది. సిరిసిల్లలో ఆ షెడ్డు కింద మూడువందల కుట్టు మెషిన్లు ఒకేసారి నడుస్తుంటే మాట వినపడదు. తన పాత సీట్లో ఎవరో కొత్తమ్మాయి కూర్చుంది. షర్టు కఫ్ మలుపు దగ్గర గుడ్డను ఎక్కువగా లాగుతోంది. అట్లా లాగితే ముడత పడుతుందని చెప్పబోయి సుధ ఆగిపోయింది. బయటిది కదా.

ఆఫీసు గదిలో ప్రేమలత మేడం కంప్యూటర్ నుంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"నీ పీఎఫ్ మొత్తం రాదు సుధా. టాక్స్ కట్ అయితది."

"టాక్సా? నేనేమన్న ఆఫీసర్నా మేడం?"

"ఆఫీసర్ అయినా, నువ్వయినా ఒకటే. ఐదేళ్లు నిండకుండ మానేసి పైసలు తీసుకుంటె సర్కారు పదో వంతు పట్టుకుంటది. పాన్ కార్డు లేకుంటె అంతకు రెండింతలు. నీకు ఐదేళ్లు నిండలేదు."

"ఎంత తక్కువయింది?"

"బతుకమ్మ దాక ఉంటె నిండుతుండె."

సుధ కుర్చీ అంచు పట్టుకుంది. "గా ముచ్చట నేను మానేసిన్నాడే చెప్పొద్దా మేడం?"

"నువ్వు అడిగినవా?"

అడగాలని తెలిస్తే కదా అడిగేది. మేడం సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందుకు తోసింది. "గిది నింపి పెడితె కట్ కాకపోవచ్చు. నాకు టాక్స్ పడేంత ఆదాయం లేదు అని రాసిచ్చుడు. నెట్ సెంటర్ల చెప్తరు. అట్లనే నీకు పాత పీఎఫ్ నంబరు ఇంకోటి ఉన్నట్టు కనవడుతుంది. అదేందో గూడ చూపించుకో."

"బీడీలది మేడం. పెండ్లయినంక నాలుగేండ్లు చేసిన. ఇక్కడ చేరంగనే ఇడిసిపెట్టిన."

"అయితే అదే."

టీ బెల్లు కొట్టారు. గేటు దగ్గర లావణ్య పరుగున వచ్చి చేయి పట్టుకుంది. పక్క మెషిన్ దగ్గర ఐదేళ్లూ కూర్చున్న మనిషి. కాగితం చూడగానే ఆమె ముఖం మారింది.

"అక్కా, దీని మీద సంతకం పెట్టకు. ఇన్‌కమ్ టాక్సుల పేరు పడితె రేషన్ కార్డు పోతదట."

"ఆదాయం లేదనే గదా రాసేది?"

"ఏం రాస్తె ఏందక్కా, పేరైతే పోతది గదా వాళ్ల దగ్గరికి!"

"ఎవలు చెప్పిన్రే?"

"అందరు అంటున్నరు."

సుధ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

కోరుట్ల బస్సులో ఆధార్ చూపించి జీరో టికెట్టు తీసుకుంది. కథలాపూర్ దాటుతుండగా ఫోన్ మోగింది. శాంత. కోరుట్ల బస్టాండు వెనక సందులో ఆమెకు ఒక షట్టర్ ఉంది. అందులో జాకెట్లు కుట్టే దుకాణం పెట్టాలనే సుధ ఫ్యాక్టరీ మానేసింది.

"ఏమాయె పిల్లా? మొబైల్ రిపేర్ పిలగాడొకడు రోజూ అడుగుతుండు. నీ ముఖం జూసి ఆపుతున్న."

"ఈ వారం ఆగు శాంతక్కా. పైసలు అస్తున్నయి."

వస్తున్నాయి. కానీ కటింగ్ పోతే మోటారు మెషిన్ వరకే సరిపోతాయి. షట్టర్ అడ్వాన్సుకు మిగలదు. భర్త కుమార్ షార్జాలో ఉన్నాడు. అతని జీతం ఏజెంటు అప్పుకే పోతోంది. అతన్ని అడగదలచుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్త పోచవ్వ వసారాలో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. నీళ్లలో నానిన తునికాకు పక్కన తడిగుడ్డలో చుట్టి ఉంది. రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోసిన ఆకు, చిటికెడు తంబాకు, బొటనవేలు ఒక్క దొర్లింపు, దారం రెండు చుట్లు, మూతి మలుపు. తల ఎత్తకుండా అడిగింది.

"ఏమన్నరు?"

"కట్ చేస్తరట అత్తమ్మా."

"ఏం కోత్తరు? కుట్టినందుకా?"

సుధకు నవ్వు రాలేదు. చాట దగ్గర కూర్చోకుండా గోడకు ఆనుకుంది. ఆ తంబాకు ఘాటు పడక, వంగి వంగి నడుము పోయే ఈ పని వద్దనే సిరిసిల్లకు పోయింది. తిరిగి వచ్చిన ఈ రెండు నెలల్లో చాటను ముట్టుకోలేదు. అత్త కూడా చేయమని అనలేదు.

"రేపు జగిత్యాల పోత. దేవేందర్‌కు చూపిస్త."

పోచవ్వ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి.

"దేనికి? పైసలు రాకుంటె పాయె. కంప్యూటర్ల పొంట తిరుగుతె ఇంకేందో బయటవడ్తది."

"ఏం బయటపడుతది?"

"నాకేం తెలుసు. ఊకెనే అన్న."

*

జగిత్యాలలో దేవేందర్ నెట్ సెంటర్ కోర్టుకు ఎదురుగా ఉంటుంది. అతను కుమార్ చిన్నాన్న కొడుకు. ధరణి నుంచి దుబాయి వీసా దాకా ఏదైనా చేస్తానని బోర్డు మీద రాసుకున్నాడు. సుధ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడిగి, టకటకా కొట్టి, స్క్రీన్ చూశాడు. ఇంకోసారి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"వదినె, ఒక మాట అడుగుత. తప్పనుకోకు."

"అడుగు."

"నువ్వు బీడీలు చేసుడు ఎప్పుడు ఇడిసిపెట్టినవ్?"

"ఫ్యాక్టరీల చేరినప్పుడే."

"మరి పోయిన నెల గూడ చేసినవట."

సుధ స్క్రీన్ వైపు వంగింది. అంకెల వరుసలు. అర్థం కాలేదు. దేవేందర్ వేలు పెట్టి చూపించాడు. కోరుట్ల బీడీ కంపెనీ ఖాతా. తన పేరు, తన ఆధార్. నెలనెలా జమ. ఒక్క నెల కూడా తప్పలేదు. సుధ సిరిసిల్లలో కఫ్‌లు కుడుతున్న ఐదేళ్లూ, కోరుట్లలో ఇంకో సుధ బీడీలు చేస్తూనే ఉంది.

"గిదెట్ల దేవేందర్? నేను ముట్టుకుంటె ఒట్టు."

"సర్కారు లెక్కల నువ్వు పొద్దున సిరిసిల్లల షర్టులు కుట్టి, సాయంత్రం కోరుట్లల బీడీలు చుట్టినవ్. మెడల్ ఇయ్యాలె నీకు." నవ్వాడు. సుధ ముఖం చూసి ఆపేశాడు. "అసలు పరేషాన్ ఏందంటె, పని మానేసి ఖాళీగ ఉన్నోళ్లకే పీఎఫ్ మొత్తం ఇస్తరు. దీని ప్రకారం నువ్వు పని మాననే లేదు. ఫ్యాక్టరీ పైసలు అడిగినా రావు."

"కట్ అయితయన్నరు గదా?"

"కట్ అయ్యే దాక పోతె గదా. అసలుకే రావు."

నిన్నటిదాకా కొంత పోతుందని బాధ. ఇవాళ మొత్తమే లేదు. సుధ నాలుగు మడతల కాగితం తీసి ముందు పెట్టింది. "మరి గిది?"

దేవేందర్ దాన్ని విప్పి, మళ్లీ మడిచాడు. "గిది తర్వాతి సంగతి. దీనితోని రేషన్ కార్డు పోదు, ఏం పోదు. గని గింత దూరం పోయే పనే లేదు. ఇను." కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "బీడీ కార్డు బంద్ చేపియ్యి. పని మానేసినట్టు కంపెనీ రాస్తది. రెండు ఖాతాలు కలుపుదాం. కలిపితె మొత్తం ఒక్క సర్వీసే. ఐదేళ్లు ఎప్పుడో దాటింది, రూపాయి టాక్స్ లేదు. బీడీ పైసలు గూడ నీకే. షట్టరూ అయితది, మెషినూ అయితది."

"నాయి గాని పైసలు నాకెట్లస్తయి?"

"నీ పేరు మీద ఉన్నయి. నీయే."

"మరి చేసింది ఎవలు?"

దేవేందర్ గొంతు తగ్గించాడు. "ఎవడో నీ పేరు వాడుకుంటుండు. టేకేదారే దొంగ పేర్లు రాస్తుండొచ్చు. గట్టిగ అడుగు. అవసరమైతె నేను వస్త."

కంపెనీ తరఫున ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునేవాడే టేకేదారు. కోరుట్లలో తమ వాడకు టేకేదారు మల్లేశం. అతని ఇంటి ముందు నాలుగేళ్లు తను వరుసలో నిలబడింది, అంతకు ముందు నుంచీ తన అత్త నిలబడింది. ఆ మనిషి తన పేరు దొంగిలించాడా?

బస్సు మెట్‌పల్లిది. కోరుట్లలో ఆగేసరికి బీడీలు అప్పజెప్పే వేళ అయింది. సుధ ఇంటికి పోలేదు. సరాసరి మల్లేశం ఇంటికి నడిచింది. దారంతా ఏం అడగాలో వరుసగా పేర్చుకుంది. ఐదేళ్ల కింద ఇడిసిపెట్టిన కార్డు మీద ఎవరిది చేయి? ఎవరి సంతకం?

మల్లేశం ఇంటి వాకిట్లో ఆడవాళ్లు చాటలు, గంపలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల వీపులే కనబడుతున్నాయి. లోపల గడప మీద మల్లేశం కట్టలను చెవి దగ్గర నలిపి, బాగాలేని బీడీలు ఏరి పక్కకు విసిరేస్తున్నాడు. పక్కన అతని తమ్ముడు కార్డులు పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు.

"భూమవ్వ!"

ఒక నడివయసు మనిషి లేచింది.

"సుధ!"

వాకిలి బయట ఉన్న సుధ నోరు తెరిచింది.

"ఆఁ, ఉన్న," అంది వరుసలోంచి ఒక గొంతు.

రోజూ వినే గొంతు. పోచవ్వ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. గంప ఎత్తుకుని గడప దగ్గరికి పోయింది. మల్లేశం ఆమె కట్టను నలిపి చూసి, ఒక్క బీడీ కూడా తీయకుండా లోపల పెట్టాడు. అప్పుడు తల ఎత్తాడు. వాకిలి బయట నిలబడ్డ సుధను చూశాడు. అతని చూపు వెంట ఆడవాళ్లంతా తిరిగారు. చివరికి పోచవ్వ తిరిగింది.

సుధ పేర్చుకున్న ప్రశ్నల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

పోచవ్వ కొత్త ఆకు, తంబాకు గంపలో వేసుకుని బయటికి వచ్చింది. కోడలి పక్కనుంచి నడుస్తూ, "ఇంటికి నడువు. బువ్వ తినలేదు గావచ్చు," అంది.

సుధ వెనక నడిచింది.

ఇంట్లో అత్త ముందు ఆకు నీళ్లలో వేసింది. చేతులు కడుక్కుంది. కోడలికి అన్నం పెట్టింది. అప్పుడు చెప్పింది.

"నా కార్డు ఎప్పుడో ఎత్తేసిన్రు. వయసు అయిపోయిందట. సెటిల్‌మెంటని ఇన్ని పైసలిచ్చి పొమ్మన్నరు. అయి మీ మామ దవఖానకే పాయె. వయసు అయిపోయింది గని చేతులు ఊకుంటయా? కూసుంటె ఎవలు పెడ్తరు? మల్లేశమే అన్నడు, నీ కోడలి కార్డు ఖాళీగ ఉంది గదా, దాని మీద చెయ్యి అని. ఇంట్ల కార్డొకటి ఉంటె చేసేటోళ్లు ఎవలైతె ఏంది? వాడల అందరిది గంతే. ఆ భూమవ్వ ఉన్నది సూడు, అది భూమవ్వ గాదు. భూమవ్వ చచ్చిపోయింది. ఇది దాని ఆడిబిడ్డ."

"నాకు చెప్పొద్దా అత్తమ్మా?"

"నువ్వు అడిగినవా?"

సుధ చేతిలో ముద్ద ఆగింది. నిజమే. ఐదేళ్లుగా పండుగకు వచ్చినప్పుడల్లా, ఈ రెండు నెలలుగా రోజూ, కళ్ల ముందే బీడీలు చేస్తుంటే ఎవరి కార్డు మీద అని ఒక్కసారి కూడా అడగలేదు.

"ఖాళీగ పెడితె నీ కార్డు గూడ కొట్టేద్దురు," అంది పోచవ్వ, కత్తెర తీసుకుంటూ. "కొత్తయి ఇస్తలేరు. సిరిసిల్ల పని ఎన్నాళ్లుంటదో ఎవలకెరుక. రేపు నువ్వస్తె చెయ్యి ఖాళీగ ఉండద్దని నడిపిచ్చిన. దినాం నీ పేరే పిలుస్తరు. నేనే లేస్త. అలవాటాయె."

దొంగను పట్టుకోవడానికి పోయింది. దొరికింది అత్త. పేరు తనది, చేతులు అత్తవి, పైసలు ఎవరివి? పన్ను ఎవరికి పడాలి? పని మానేసింది ఎవరు, మాననిది ఎవరు? ఆలోచించిన కొద్దీ దారం చిక్కు పడుతోంది. అన్నం చల్లారిపోయింది.

*

పొద్దున్నే దేవేందర్ ఫోన్ చేశాడు.

"దొంగ దొరికిండా వదినె?"

"దొరికింది. మీ పెద్దమ్మ."

దేవేందర్ గొంతు నెమ్మదించింది. "అయితె కేసు లేదు తియ్యి. పని ఇంకా అలకగాయె. మల్లేశం కాయితం ఇస్తడు, ఒక్క సంతకం పెట్టు. కార్డు బంద్. రెండు నెలలు ఆగితె మొత్తం నీ బ్యాంకుల."

"బంద్ చేస్తె అత్తమ్మ దేని మీద చేస్తది?"

"ఇంకా ఎన్నేండ్లు చేస్తది వదినె ఆమె? కూసుండబెట్టి సాదుకోరాదు."

"చెయ్యకుంటె?"

"చెయ్యకుంటె పైసలు ఆన్నే ఉంటయి. మిత్తి పడుతది. నాకు తెల్సినంతల రెండూ కలిపి పెట్టుకుంటె ఎప్పుడు తీసినా టాక్స్ ఉండది. గని ఇప్పుడు చేతికి రావు. నీ ఇష్టం."

వసారాలో పోచవ్వ పొయ్యి కడుగుతోంది. వినబడిందో లేదో తెలియదు.

సుధ శాంత షట్టర్ దగ్గరికి పోయింది. శాంత తాళం తీసి, షట్టర్ సగం ఎత్తి వదిలేసింది. సుధ వంగి లోపలికి పోయింది. కిటికీ లేదు. ఎడమవైపు గోడకు ప్లగ్గు ఉంది. అక్కడ మెషిన్. ఎదురుగా అద్దం. దారాల డబ్బాకు ఒక అర. జానతో గోడ కొలిచింది.

"నువ్వే తీసుకో పిల్లా," అంది శాంత బయటి నుంచి. "ఆడమనిషివైతె నాకు గూడ మంచిగ. పొద్దుమూకేదాక చెప్పు."

"చెప్త శాంతక్కా."

మల్లేశం దగ్గరికి పోయి సంతకం పెడితే అయిపోతుంది. అత్తను తనే చూసుకుంటుంది. దేవేందర్ అన్నది తప్పేమీ కాదు. దుకాణం నడిస్తే అత్త బీడీలు చేయాల్సిన పనే లేదు. నడుస్తూ ఇవే మాటలు మళ్లీ మళ్లీ అనుకుంది. ప్రతిసారీ సరిగ్గానే ఉన్నాయి. అయినా కాళ్లు మల్లేశం ఇంటివైపు కాకుండా తమ ఇంటివైపు తిరిగాయి.

వసారా ఊడ్చి ఉంది. చాట కడిగి గోడకు నిలబెట్టి ఉంది. తడిగుడ్డ తీగ మీద ఆరేసి ఉంది. పోచవ్వ గడప పక్కన ఊరికే కూర్చుంది. అట్లా ఊరికే కూర్చున్న అత్తను సుధ ఎప్పుడూ చూడలేదు.

"ఆకు తెచ్చుకోలేదా?"

"చాలు తియ్యి. కార్డు మల్లేశానికి ఇచ్చేసిన. ఉన్న ఆకు గూడ వాపసు ఇచ్చిన. నీ సంతకం కావాలంటుండు. పో, పెట్టి రా. దుకాణం పెట్టుకో."

"నిన్నెవలు ఇయ్యమన్నరు?"

"నీ పేరు గదా. ఎన్నాళ్లు పెట్టుకుంట?"

మాట మామూలుగానే ఉంది. కానీ పోచవ్వ కుడిచేతి వేళ్లు చీర కొంగు అంచును పట్టుకుని, దొర్లించి, బిగించి, చివర మలుస్తున్నాయి. మలిచినది విప్పి, మళ్లీ దొర్లిస్తున్నాయి. ఆ సంగతి ఆమెకు తెలియడం లేదు.

సుధ చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగింది.

మల్లేశం కాగితం సిద్ధంగా పెట్టుకున్నాడు. పైన తన ఫోటో ఉన్న బీడీ కార్డు. పెండ్లయిన కొత్తలో దిగింది. సన్నగా, బెదురుగా, ఇంకెవరో అన్నట్టు ఉంది.

"సూసి పెట్టు," అన్నాడు మల్లేశం, పెన్ను ఇస్తూ. "పెట్టినంక మళ్ల తెరువరు. కొత్త కార్డులు ఇస్తలేరు. తర్వాత నన్ను అనద్దు."

"మా అత్తమ్మ ఏమన్నది?"

"ఏమంటది. మా కోడలి పేరు మా కోడలికి ఇచ్చెయ్ అన్నది. ముప్పై ఏండ్లాయె, ఆమె కట్టల నుంచి నేను బీడీ తీసేసిన దినం లేదు." అతను చూపు పక్కకు తిప్పుకున్నాడు. "నా చేతిల ఏముంది. కంపెనీ రూలు."

సుధ పెన్ను కాగితం మీద ఆనించింది. సు అక్షరం మొదలయ్యే చోట చిన్న చుక్క పడింది. షట్టర్, ఎడమవైపు ప్లగ్గు, అద్దం. గోడకు నిలబెట్టిన చాట. తీగ మీద తడిగుడ్డ.

పెన్ను ఎత్తి మూత పెట్టింది.

"మల్లేశం మామా, ఆకు ఇయ్యి."

"ఎవలికి?"

"కార్డు మీద ఎవలున్నరు?"

మల్లేశం ఆమె వైపు, కార్డు వైపు మార్చి మార్చి చూశాడు. "నువ్వు చేస్తవా? చెయ్యి మర్చిపోలేదు?"

"నాకెట్ల ఎరుక? చేస్తె గదా తెలిసేది."

ఆకు కట్ట, తంబాకు పొట్లం చీర కొంగులో వేసుకుని బయటికి వచ్చింది. సందు మలుపులో ఆగి శాంతకు ఫోన్ చేసింది.

"ఆ పిలగానికే ఇచ్చెయ్ శాంతక్కా."

"అయ్యో, ఏమాయెనే?"

"పైసలు ఇప్పుడు రావట. నేను ఇంకా పని మానలేదట."

"ఏం పని?"

"అస్త, చెప్త," అని సుధ ఫోన్ పెట్టేసింది.

ఇంట్లో పోచవ్వ కోడలి కొంగులోని ఆకును చూసింది. లేవలేదు. సుధ ఆకు నీళ్లలో ముంచి, తీగ మీది గుడ్డలో చుట్టి పెట్టింది. గోడకు ఉన్న చాట తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది. పళ్లెం ఒకటి వెతికి తన ఒళ్లో పెట్టుకుంది. ఆకు పదునుకు వచ్చేదాకా ఇద్దరూ ఎదురెదురుగా ఊరికే కూర్చున్నారు.

"మెషిన్ ఎట్ల కొంటవే?" అంది పోచవ్వ చివరికి.

"తెల్వది."

"కొంటె ఏడ పెడ్తవ్?"

సుధ వసారా చుట్టూ చూసింది. "నువ్వు గింత జరుగుతె ఈడనే పడుతది."

రేకు అచ్చు పెట్టి ఆకు కోసింది. కత్తెర సాఫీగానే నడిచింది. ఐదేళ్లు గుడ్డ కోసినట్టే కోసింది. తంబాకు ఎంత వేయాలో చేతికి గుర్తు లేదు. దొర్లిస్తే ఒకవైపు లావెక్కింది. దారం బిగించింది. మూతి మలిస్తే కఫ్ మలుపులా చదునుగా వచ్చింది. తంబాకు ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముంజేతితో తుడుచుకుని, బీడీని అత్తకు అందించింది.

పోచవ్వ దాన్ని చెవి దగ్గర పెట్టి రెండు వేళ్ల మధ్య నలిపింది. తిప్పి చూసింది. దారం తెంపి, తంబాకు విదిలించి, ఆకును దూరంగా విసిరేసింది.

"కంపెనోడు తీసేస్తడు."

"నా కార్డే గదా అత్తమ్మా."

"కార్డు నీదే. నా కట్టల గసొంటి బీడీ ఉండది." పోచవ్వ ఇంకో ఆకు తీసి కోడలి పళ్లెంలో వేసింది. "మళ్ల చెయ్యి."